అంచున రాసిన సంగతులు

ఫోను మోగేసరికి కొలతలాయన చొక్కాలో ఒక చెయ్యి దూర్చి, రెండో చేతికి దారి వెతుక్కుంటున్నాడు. ఆ ఫోనులోంచి కబురు వెళ్లడమే తప్ప రావడం అరుదు. అందుకే మూడుసార్లు మోగేదాకా అది తన ఇంట్లోనే మోగుతోందని నమ్మలేదు.

"బాబాయ్ గారూ, మంచి కబురు," అంది అవతల లాయరమ్మ. "జడ్జిగారు ఒప్పుకున్నారు. మీ పుస్తకం చూస్తామన్నారు."

"నా పుస్తకమా?"

"మీదే. రోజూ నీళ్ల మట్టం రాస్తారే, ఆ రిజిస్టరు. గురువారం పదిన్నరకి మీరే స్వయంగా తెచ్చి, ఇది నేనే రాశాను, ఏ పూటది ఆ పూటే రాశాను, ఇన్నాళ్లూ నా దగ్గరే ఉంది అని ప్రమాణం చేసి చెప్పాలి. మీరు చెబితేనే అది సాక్ష్యం. చెప్పకపోతే ఉత్త కాగితాలు. పుస్తకం ఉన్నదున్నట్టు తీసుకురండి, అంతే."

ఫోను పెట్టేశాక కొలతలాయన ఖాళీ చేతి చొక్కాతోనే గదిలో రెండు చుట్లు తిరిగాడు. ఎవరో తన పుస్తకం చూస్తారట. పదకొండేళ్లలో ఆ మాట ఎవరూ అనలేదు. పై ఆఫీసుకి నెలకోసారి అంకెల కాగితం వెళుతుంది గానీ, పుస్తకం ఎలా ఉంటుందో, ఏ రంగు అట్టో కూడా అక్కడ ఎవరికీ తెలియదు. ఇప్పుడు ఏకంగా జడ్జిగారు కళ్లజోడు పెట్టుకుని చూస్తారు. కొలతలాయనకి కాలు నిలవలేదు.

ఆయన పని చెప్పుకుంటే ఒక్క ముక్కలో అయిపోతుంది. నది ఒడ్డున ఒక గది. గది గుమ్మం నుంచి నలభై మూడు మెట్లు దిగితే నీళ్లలో నిలబెట్టిన కొలతబద్ద. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి ఆ మెట్లు దిగి, నీళ్లు బద్దమీద ఏ గీత దగ్గర ఉన్నాయో చూసి, అక్కడే రిజిస్టర్లో రాసుకుని, పైకొచ్చి పన్నెండు కిలోమీటర్ల దిగువన ఉన్న ఆనకట్ట గేటు గదికి ఫోను చెయ్యాలి. అక్కడ గేటు ఆపరేటర్ ఆ అంకె విని, దాన్నిబట్టి గేట్లు ఎత్తడమో దించడమో చేస్తాడు. మిగతా పన్నెండు గంటలూ, ఆపై పన్నెండు గంటలూ, నది తన దారిన తాను పోతుంటే చూడ్డమే. ఊరు బస్సులో గంట దూరం.

మూడు నెలల క్రితం ఎగువన వాన దంచి కొట్టిన రోజు, పొద్దున్నే గేట్లెత్తారు. దిగువన పడవ బాగుచేసుకుంటున్న మనిషిని నీళ్లు తోసుకుపోయి రాళ్లకి కొట్టాయి. బతికాడు గానీ రెండు కాళ్లూ విరిగాయి. మట్టం తెలుసుకోకుండా, సైరన్ వెయ్యకుండా గేటెత్తాడని గేటు ఆపరేటర్ మీద కేసు పెట్టారు. ఉద్యోగంలోంచి పక్కన పెట్టారు. నేరం రుజువైతే జైలు. నాకు ఆరింటికే ఫోనొచ్చింది, సైరన్ వేసి పావుగంట ఆగే ఎత్తాను అని ఆయన నెత్తీ నోరూ బాదుకుంటున్నాడు. గాలివాన హోరులో సైరన్ విన్నవాడు లేడు, వినలేదన్నవాళ్లు మాత్రం ఆరుగురున్నారు. ఇక ఆ రోజు పొద్దుటి సంగతి కాగితం మీద ఉన్నది ఒక్కచోటే. కొలతలాయన రిజిస్టర్లో. గేటు ఆపరేటర్ తరఫున వాదిస్తున్న లాయరమ్మ అడిగింది దానికోసమే.

సంతోషం పంచుకోవడానికి అక్కకి ఫోను చేశాడు.

"కోర్టా? నువ్వా? ఏం చేశావురా?" అంది అక్క.

"నేనేం చెయ్యలేదే. నా పుస్తకం కావాలంట వాళ్లకి."

"నీ పుస్తకం ఏం చేసుకుంటారు, పొయ్యిలో పెట్టుకోడానికి కూడా పనికిరాదు, తడి వాసన. పోయినసారి వచ్చినప్పుడు చూశాగా. ఆ కోడి గీతలు చూసి జడ్జిగారు కళ్లు తిరిగి పడిపోతారు. కాస్త నీటుగా రాసుకెళ్లు. నలుగురిలో పరువు తియ్యకు." వెనకాల మనవలు ఎవరో గోల చేస్తున్నారు. "ఒరేయ్, ఆ చెంబు దించరా. సరే తమ్ముడూ, ఉంటా, వీళ్లు ఇల్లు పీకి పందిరేస్తున్నారు," అని పెట్టేసింది.

కొలతలాయన రిజిస్టర్ తెరిచాడు. అక్క అన్నది నిజమే. వాన చినుకులకి సిరా పాకింది. ఒకచోట పెన్ను మొరాయిస్తే పెన్సిల్‌తో రాశాడు, ఒక పేజీ మీద టీ గ్లాసు గుండ్రంగా ముద్రేసుకుంది. ఇవన్నీ సర్దుకోవచ్చు. సర్దుకోలేనిది వేరే ఉంది.

ఆ రిజిస్టర్లో తేదీకి, వేళకి, మట్టానికి, సంతకానికి గడులున్నాయి. వాటి పక్కన నాలుగు వేళ్ల వెడల్పున ఖాళీ అంచు. ఆ అంచుని ఏం చేసుకోవాలో ఆఫీసువాళ్లు చెప్పలేదు. మొదటి ఏడాది ఖాళీగానే ఉంచాడు. రెండో ఏడాది ఒక పొద్దున, గేటు గది నుంచి మాట్లాడే గొంతు మామూలుగా "సరే" అనే బదులు "సరేనండి" అంది. ఆ రోజంతా కొలతలాయనకి అదే ధ్యాస. చెప్పుకుందామంటే నది తప్ప ఎవరూ లేరు. సాయంత్రం పుస్తకం తెరిచి అంచులో రాశాడు: ‘ఇవాళ సరేనండి అన్నాడు. ఏదో సంతోషంలో ఉన్నట్టుంది.’

అలా మొదలైంది. రోజుకి రెండుసార్లు, ఒక్కోసారి అర నిమిషం కూడా పట్టని మాటలు. "నాలుగు పాయింట్ రెండు." "సరే." అంతే. ఆ ‘సరే’ లోంచే కొలతలాయన ఒక మనిషిని పోగు చేసుకున్నాడు. ‘గేటాయనకి జలుబు. సరే అనబోయి తుమ్మాడు.’ ‘వెనకాల పసిపిల్ల ఏడుపు. గేటాయన తండ్రి అయ్యాడు కాబోలు.’ ఆ తర్వాత పుస్తకాల్లో ఆ పిల్ల పెరిగింది కూడా. ఈ ఏడాది పుస్తకంలో అయితే, ‘పాప ఫోనెత్తింది. రెండు పాయింట్ నాలుగు అన్నాను. గుర్తుంచుకుంటా అంకుల్ అంది. నేను అంకుల్‌నట’ అని ఉంది. అక్కడిదాకా పరవాలేదు. ‘ఆదివారం. ఆయన సెలవు. ఇంకెవరో ఎత్తారు. రోజంతా బాగోలేదు’ అని ఉన్నచోటా, ‘ఆయన పెట్టేశాక కూడా ఫోను కాసేపు చెవి దగ్గరే ఉంచుకున్నాను’ అని ఉన్నచోటా కొలతలాయనకి చెవులు వేడెక్కాయి.

మనిషిని ఏనాడూ చూసింది లేదు. పేరడిగింది లేదు. ఇవి నలుగురిలో చదివితే ఇంకేమన్నా ఉందా? అందులోనూ ఆయన ఎదురుగా.

గేటాయన్ని పక్కన పెట్టాక ఈ మూడు నెలలూ అంచులు ఖాళీ. ఇప్పుడు ఫోనెత్తే కొత్త కుర్రాడు అంకె వినగానే టక్కున పెట్టేస్తాడు. వాడి గొంతులో రాసుకోడానికేమీ లేదు.

పోయిన నెల ఆఫీసువాళ్లు పంపిన కట్టలో కొత్త రిజిస్టరుంది. కొలతలాయన కిటికీ పక్కకి బల్ల జరుపుకుని, జనవరి ఒకటి నుంచి మొదలుపెట్టాడు. అంకెలు అంకెలే, ఒక్కటి కూడా మార్చలేదు. అక్షరాలు గుండ్రంగా, గీతలు ఎర్రగా, అంచులు తెల్లగా. మంగళవారం పొద్దంతా, బుధవారం మధ్యాహ్నందాకా రాశాడు. పని సాగినకొద్దీ హుషారొచ్చింది. ఎండ పేజీ మీద పడితే సిరా మెరిసి ఆరిపోవడం చూస్తూ, ప్రతి ఐదు వరసలకీ ఒకసారి ఊదుతూ, చిన్నప్పటి బడి పిల్లాడిలా నాలుక పంటికింద పెట్టుకుని రాశాడు. లాయరమ్మ ఉన్నదున్నట్టు అంది కదా అని చివర్లో మరోసారి అంకెలన్నీ సరిచూసుకున్నాడు. పాత పుస్తకాన్ని దుప్పట్ల అడుగున ట్రంకుపెట్టెలో పెట్టి, తాళం వేశాడు.

గురువారం పొద్దుటి మట్టం చూసి, సాయంత్రం బద్ద చూసే పని ఆఫీసు పంపిన మనిషికి అప్పజెప్పి, బస్సెక్కాడు. బస్సు దారిలో టైరు మార్చుకోవాల్సి వచ్చి, కోర్టు వరండాలో అడుగుపెట్టేసరికి పదీ ఇరవై. పొడుగాటి వరండా. గోడ వెంట బెంచీలు, బెంచీల నిండా ఎదురుచూసే మనుషులు. ఒకడు పల్లీలు తింటూ తొక్కలు జేబులో వేసుకుంటున్నాడు. ఒకావిడ తన చెప్పులు తనే కాపలా కాస్తోంది. ఇంతమంది మధ్య కూర్చుని చాలా కాలమైంది కాబోలు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కొలతలాయనకి తోచలేదు.

"వాయిదా అడగొద్దు లాయరమ్మా, ఇవాళే కానివ్వండి," అన్నారెవరో.

"సాక్షి వస్తే కానిద్దాం. మీరు నోరు తెరవకుండా కూర్చోండి."

"సరే."

కొలతలాయన అదిరిపడి తలెత్తాడు. ఆ గొంతుకి ఆయన మనసులో పదేళ్లుగా ఆరడుగుల ఎత్తు, గుబురు మీసాలు పెట్టుకున్నాడు. తీరా చూస్తే భుజం దగ్గరకొచ్చే సన్నటి మనిషి, మీసమే లేదు, చొక్కా మెడ వదులైపోయి ఉంది. గొంతు మాత్రం అదే.

లాయరమ్మ చూసి గబగబా వచ్చింది. చిన్నపిల్ల. నల్లకోటు చేతులు వేళ్ల దాకా జారుతున్నాయి. "వచ్చారా బాబాయ్ గారూ, ప్రాణం పోయిందనుకోండి. పుస్తకమేది?" ఆ రోజు పేజీ తీసి చూసి మొహం చేటంత చేసుకుంది. "అబ్బ, ఎంత ముత్యాల్లా రాశారండీ. నేనింకా పిచ్చి గీతలుంటాయని భయపడ్డాను." అని, ఎవరో పిలిస్తే లోపలికి పరిగెత్తింది.

గేటాయన, కొలతలాయన ఒకరి ఎదురుగా ఒకరు మిగిలిపోయారు.

"మీరేనా?" అన్నాడు గేటాయన.

"నేనే."

గేటాయన గోడకేసి చూసి, నేలకేసి చూసి, చివరికి, "ఎంతుంది ఇవాళ?" అన్నాడు.

"రెండు పాయింట్ ఒకటి."

"సరే," అన్నాడు గేటాయన. ఇద్దరూ కాస్త నవ్వుకున్నారు. ఈలోగా లోపలి నుంచి పిలుపొచ్చింది.

బోనులో నిలబడి కొలతలాయన ప్రమాణం చేశాడు. లాయరమ్మ అడిగింది. మీ ఉద్యోగమేమిటి, ఈ రాత ఎవరిది, ఇది ఎక్కడుంటుంది? అన్నింటికీ టకటకా చెప్పాడు. రాత నాదే. ఏ పూటది ఆ పూటే రాశాను. నా గదిలోనే ఉంటుంది. ఆ రోజు పొద్దున ఆరింటికి ఏడు పాయింట్ మూడు, చూసిన వెంటనే ఫోను చేశాను. జడ్జిగారు తలాడిస్తూ రాసుకున్నారు. అంతా నల్లేరు మీద బండిలా సాగిపోతోంది.

ప్రభుత్వ లాయరు లేచి పుస్తకం చేతిలోకి తీసుకున్నాడు. లావుపాటి మనిషి, నెమ్మదస్థుడు. పేజీలు ఒక్కొక్కటే తిప్పాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఏమండీ, రోజూ నది ఒడ్డుకి పట్టుకెళతారా దీన్ని?"

"మెట్ల దాకా అండి."

"వానలో కూడా?"

"వానలో కూడా అండి."

"మీరు గొడుగు మీకు పట్టుకుంటారా, పుస్తకానికి పట్టుకుంటారా? ఒక్క చినుకు మరకైనా లేదే." కోర్టులో ఇద్దరు ముగ్గురు నవ్వారు. "తొమ్మిది నెలలు, ఒకటే పెన్ను, ఒకటే సిరా. మీ చెయ్యి ఏనాడూ వణకలేదు, మీకు జ్వరం రాలేదు. పోనీ అదృష్టవంతులనుకుందాం." అని ఆఖరి పేజీ తిప్పి, అడుగున చీమ తలంత అక్షరాల మీద వేలు పెట్టి, పుస్తకం జడ్జిగారికి అందించాడు. "ఈ రిజిస్టరు ఎప్పుడు అచ్చయిందో అక్కడుందండి. పోయిన నెల. ప్రమాదం జరిగి మూడు నెలలైంది. పుస్తకం పుట్టకముందే ఈయన అందులో రాశారు."

లాయరమ్మ మొహంలో నెత్తుటి చుక్క లేదు. కొలతలాయన గేటాయన వైపు చూడకుండా ఉండలేకపోయాడు. గేటాయన బెంచీ అంచు పట్టుకుని, అన్నం తింటూ తింటూ రాయి కొరికిన వాడిలా ఉన్నాడు.

"ఏమిటిది?" అన్నారు జడ్జిగారు.

"కాపీ అండి," అన్నాడు కొలతలాయన. "నేనే చూసి రాశానండి. అంకె ఒక్కటి మార్చలేదు."

"ఏ పూటది ఆ పూటే రాశానని ఇప్పుడే ప్రమాణం మీద చెప్పారు."

"అది... పాతదాంట్లో అలా రాశానండి."

"మరి పాతదేదీ?" జడ్జిగారు కలం కింద పెట్టారు. ముసలాయన, గొంతులో కోపం కంటే విసుగే ఎక్కువ. "చూడండి, అసలు పుస్తకం ఉండగా కాపీ నేను తీసుకోను. అసలుది పాడైపోయినా, పోయినా ఆ సంగతి ప్రమాణం మీద చెప్పండి, అప్పుడు దీని సంగతి ఆలోచిస్తాను. తడిసిపోయిందా? పోయిందా? ఏమైంది?"

కొలతలాయనకి ఆ మాట చెయ్యందించినట్టు వినిపించింది. తడిసిపోయిందండి అంటే చాలు. నది పక్కన పుస్తకం తడిసిపోవడం ఎవరైనా నమ్ముతారు. ట్రంకుపెట్టె తాళం తన దగ్గరే ఉంది. ఈ కాపీలో ఆరింటి అంకె ఉంది, ఫోను చేశానని నోటితో చెప్పాడు, ఇంకేం కావాలి? నోరు తెరిచాడు కూడా.

అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు అంచులో ఏం రాశాడో.

వాన పొద్దున. చెవిలో గాలి. "ఏడు పాయింట్ మూడు" అని అరిచి చెప్పాడు. అవతల గొంతు ఏదో అంది. అది విని, పెట్టేసి, తడి చేతుల్తోనే అంచులో రాసుకున్నాడు. కాపీ చేస్తున్నప్పుడు దాని మీంచి కళ్లు దాటవేసి పోయాడు, మిగతా అంచుల మీంచి పోయినట్టే. చదవకుండా ఉండటమే ఆ రెండు రోజుల పని మరి.

"ఉందండి," అన్నాడు. "ఇంట్లో ట్రంకుపెట్టెలో ఉంది."

"ఉందా?" ప్రభుత్వ లాయరు కనుబొమలు పైకి పోయాయి. "దాచిపెట్టి ఇది తెచ్చారా? ఏముంది అందులో, మేం చూడకూడనిది?"

"అంకెలు ఇవేనండి. అంచుల్లో... వేరేవి రాశాను."

"ఏం వేరేవి?"

"వాటికీ దీనికీ సంబంధం లేదనుకున్నానండి."

"సంబంధం ఉందో లేదో మేం చూస్తాం. ఏం రాశారు?"

కొలతలాయన బోను చెక్క మీద గోటితో గీశాడు. వెనక బెంచీ మీద ఎవరో దగ్గి, ఊరుకున్నారు. "ఈయన గురించి," అన్నాడు, గేటాయన వైపు చెయ్యి చూపించి. "ఫోనులో గొంతెలా ఉందీ, జలుబు చేసిందా, నవ్వుతున్నాడా, పాప మాట్లాడిందా, అలాంటివి. రోజూ. పదేళ్ల నుంచి."

ఎవరో కిసుక్కుమన్నారు. ప్రభుత్వ లాయరు కూడా నవ్వు ఆపుకుంటున్నాడు. "మీరిద్దరూ అంత స్నేహితులా?"

"లేదండి. ఇవాళే చూశాను."

"చూడని మనిషి జలుబు గురించి పదేళ్లు రాశారా? ఎందుకూ?"

దానికి జవాబు ప్రమాణం మీద చెప్పాల్సిందే. "నాకు రోజుకి మాట్లాడే మనిషి ఆయనొక్కడేనండి," అన్నాడు కొలతలాయన.

ఈసారి ఎవరూ నవ్వలేదు.

లాయరమ్మ మెల్లగా లేచింది. "బాబాయ్ గా... సాక్షిగారూ, ప్రమాదం జరిగిన రోజు అంచులో కూడా ఏమైనా రాశారా?"

"రాశానండి. ‘గొంతు బొంగురు. దగ్గు తగ్గలేదు. సరే, సైరన్ వేస్తున్నా అన్నాడు. ఈ వానలో తడిస్తే ఇంకా ముదురుతుంది.’ అంతే."

గేటాయన తల రెండు చేతుల్లో పెట్టుకున్నాడు.

"ఇది మరీ బాగుంది," అన్నాడు ప్రభుత్వ లాయరు. "కాపీలో లేనిది, కళ్లెదుట లేనిది, సరిగ్గా కావలసిన మాటే ఈయనకి గుర్తుంది. ఇప్పుడింటికెళ్లి అదీ రాసుకుని వస్తారు."

"అందుకే ఆయన ఒక్కరే వెళ్లరు," అన్నారు జడ్జిగారు. "మా గుమాస్తా వెంట వెళతాడు. పెట్టె అతని ముందే తెరవాలి, పుస్తకం అక్కడే గుడ్డలో చుట్టి సీలు వెయ్యాలి. రేపు పదిన్నరకి ఇక్కడ విప్పుదాం. సిరా ఎప్పటిదో, మరకలు ఎప్పటివో మీరు ఎంతసేపైనా చూసుకోండి. మొదటి పేజీ నుంచి చదివిస్తాను. అంచులతో సహా." కొలతలాయన వైపు తిరిగారు. "అబద్ధం చెప్పబోయి మానేశారు. చూశాను. రేపు కూడా అలాగే ఉండండి. పుస్తకంలో ఆ మాట లేకపోతే మాత్రం, మీ మీద కూడా కేసవుతుంది."

బయట వరండాలో లాయరమ్మ గోడకి ఆనుకుని, "ఉన్నదున్నట్టు అంటే ఉన్నదున్నట్టని బాబాయ్ గారూ," అంది నీరసంగా. "మా అమ్మకి కూడా ఇలాగే చెబుతాను, ఆవిడా ఇలాగే చేస్తుంది." అంతలోనే గుమాస్తాకి కావలసిన కాగితాల కోసం పరిగెత్తింది.

గేటాయన వచ్చి పక్కన నిలబడ్డాడు.

"ఆ దగ్గు," అన్నాడు. "మా ఆవిడ కూడా గమనించలేదండి అప్పుడు."

కొలతలాయన తల వంచుకున్నాడు.

"ఇంకా ఏం రాశారేంటి నా గురించి?"

"రేపు చదువుతారుగా."

"ఇవాళ మీతో వచ్చి చూడొచ్చా?"

"వద్దండి. గుమాస్తా వస్తున్నాడు, సీలు వేసేస్తాడు. మీరు ముట్టుకున్నా తప్పే." కొలతలాయన బస్సు వచ్చే వైపు చూస్తూ, ఆరింటి మట్టం ఫోనులో అప్పజెప్పే గొంతుతో, ఒక్కొక్క మాటే చెప్పాడు. "రేపు పొద్దున బద్ద చూసి మొదటి బస్సుకి బయల్దేరతాను. తొమ్మిదిన్నరకి ఇక్కడుంటా. మీరు మాత్రం ముందు బెంచీలో కూర్చోకండి. చిట్టచివర, తలుపు దగ్గర కూర్చోండి. వాళ్లు చదువుతుంటే నేను మీ మొహం చూడలేను."